డాల్ఫిన్లు, తిమింగలాల చర్మం మీద వైరస్ మచ్చలు: తెలిసినవాళ్లు చెప్పండి

పెన్నా_ఒడ్డు (కడప)

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సెమినార్‌కి సముద్ర క్షీరదాల్లో వైరస్ వల్ల వచ్చే చర్మవ్యాధులు అనే టాపిక్ తీసుకున్నాను. కడపలో కూర్చుని డాల్ఫిన్ల గురించి ఎందుకు అని మా క్లాసువాళ్లే అడిగారు.

2022లో మా ఊళ్లో ఆవులకు ముద్దచర్మ వ్యాధి వచ్చింది. మా పెద్దమ్మ వాళ్ల ఆవుకు మెడ మీద, పొదుగు మీద గడ్డలు లేచాయి. మేత మానేసింది, పాలు సగానికి పడిపోయాయి. తర్వాత ఒక పుస్తకంలో డాల్ఫిన్ వీపు మీద మచ్చల ఫోటో చూశాను. కింద పాక్స్ వైరస్ అని రాసి ఉంది. మన ఆవుకు వచ్చినదీ పాక్స్ కుటుంబం వైరసే కదా. అందుకే ఈ విషయం పట్టుకున్నాను.

అడగాలనుకున్నవి ఇవి. ఆ మచ్చలు ప్రాణం తీస్తాయా? ఆవుల వైరస్‌కీ దానికీ చుట్టరికం ఎంత? సముద్రంలో తిరిగే జంతువుకి ఏ జబ్బు వచ్చిందో ఎలా కనుక్కుంటారు?

వెట్_ప్రొద్దుటూరు (కడప జిల్లా)

చెల్లెమ్మా, మంచి టాపిక్. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నువ్వు చూసిన ఫోటో చాలావరకు టాటూ స్కిన్ డిసీజ్, అంటే పచ్చబొట్టు లాంటి మచ్చల జబ్బు, అయి ఉంటుంది. బాటిల్‌నోస్ డాల్ఫిన్లలో ఈ మచ్చల గురించీ వాటిలోని పాక్స్ వైరస్ గురించీ 1979లోనే శాస్త్రవేత్తలు రాశారు. మచ్చ బూడిద రంగులోనో, నల్లగానో, ఒక్కోసారి పసుపుగానో ఉంటుంది. అంచులు వంకరటింకరగా ఉంటాయి. దగ్గరగా చూస్తే మచ్చ లోపల సూదితో పొడిచి సిరా అద్దినట్టు సన్నటి చుక్కలు కనిపిస్తాయి. కొన్ని చిన్న చుక్కగా మొదలై ఉంగరంలా గుండ్రంగా పెరుగుతాయి. తల, వీపు, పక్కలు, రెక్క, ఎక్కడైనా రావచ్చు. ముద్దచర్మంలో లాగా గడ్డ లేచి, చీము పట్టి, పుండై ఊడిపోవడం మామూలుగా ఉండదు. నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి ఉండి మెల్లగా మానుతుంది.

బయాప్సీ ముక్కను, అంటే పరీక్షకు కోసిన చర్మం ముక్కను, మైక్రోస్కోప్ కింద పెడితే పైచర్మం మధ్య పొరలో కణాలు ఉబ్బిపోయి కనిపిస్తాయి. వాటి సైటోప్లాజంలో, అంటే కణంలో కేంద్రకం బయట ఉండే భాగంలో, గులాబీ రంగులో గుండ్రటి ముద్దలు ఉంటాయి. అవే ఇంక్లూజన్ బాడీలు. పాక్స్ వైరస్‌లు డీఎన్ఏ వైరస్‌లే అయినా కణ కేంద్రకంలోకి పోకుండా సైటోప్లాజంలోనే పెరుగుతాయి. సెమినార్‌లో ఇది తప్పకుండా చెప్పు. గొర్రెల మశూచి స్లైడ్‌లో కూడా మేం వెతికేది ఈ ముద్దల కోసమే.

చుట్టరికం సంగతి. ముద్దచర్మం, గొర్రెల మశూచి, మేకల మశూచి మూడూ కాప్రిపాక్స్ అనే ఒకే జాతికి చెందినవి. అంత దగ్గరివి కాబట్టే 2022లో మన ఆవులకు మేకల మశూచి టీకానే వేశారు. డాల్ఫిన్లది అదే పెద్ద కుటుంబంలో వేరే కొమ్మ. అందులోనూ పళ్లున్న డాల్ఫిన్ల రకానికి వచ్చేది ఒకటి, బోహెడ్ తిమింగలంలో దొరికింది ఇంకొకటి. మన పశువుల నుంచి వాటికి పోయేది కాదు, వాటి నుంచి మన పశువులకు వచ్చేదీ కాదు.

ప్రాణం తీస్తుందా అంటే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద డాల్ఫిన్‌ను ఈ మచ్చలు చంపవు. కానీ ఏ వయసు డాల్ఫిన్లకు వచ్చిందన్నది చాలా ముఖ్యం. దాని గురించి రాత్రికి రాస్తాను.

మంద_మనిషి (అనంతపురం)

డాక్టర్ సార్, మాది గొర్రెల కుటుంబం, కళ్యాణదుర్గం వైపు. మీరు రాసింది చదువుతుంటే మా మందే కళ్ల ముందు కనపడింది.

మా దగ్గర అమ్మతల్లి, అదే గొర్రెల మశూచి, సోకితే ముందు జ్వరం. గొర్రె తల వేలాడేసుకుని మంద వెనక పడిపోతుంది. తర్వాత బొచ్చు లేని చోట చూడాలి. తోక ఎత్తి చూస్తాం, తొడల లోపల చూస్తాం, మూతి, కంటి రెప్పలు చూస్తాం. ఎర్రగా దద్దుర్లు లేచి, గట్టిపడి, పెచ్చు కడతాయి. కొన్నిటికి ఊపిరితిత్తుల్లోకి పోయి రొప్పుతాయి. పెద్ద గొర్రె తట్టుకుంటుంది కానీ పిల్లలు మాత్రం దక్కవు. ఏటా సూది వేయించినవాళ్ల మంద నిలబడుతుంది.

నా అనుమానం ఏంటంటే, డాల్ఫిన్ పిల్లలు కూడా అలాగే పోతాయా?

వెట్_ప్రొద్దుటూరు

అన్నా, సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరికే వద్దామనుకున్నాను.

ఈ వ్యాధి మీద ఎక్కువ పని చేసినావిడ మారీ ఫ్రాన్స్వాజ్ వాన్ బ్రెస్సెమ్. పెరూ తీరంలో జాలర్ల వలల్లో పడి చచ్చిపోయిన డస్కీ డాల్ఫిన్లను, బర్మీస్టర్ పార్పాయిస్‌లను (డాల్ఫిన్లకు చుట్టాలైన చిన్న సముద్ర క్షీరదాలు) పరీక్షిస్తూ మొదలుపెట్టారు. తర్వాత ఆమె బృందం 1984 నుంచి 2007 మధ్య పలు సముద్రాల్లో చూసిన 17 జాతుల జంతువులు, మొత్తం 1392 లెక్క తీసుకుని 2009లో ఒక పెద్ద పత్రం ప్రచురించింది.

అందులో తేలినది ఇది. వ్యాధి ఎప్పటి నుంచో ఉన్న, ఆరోగ్యంగా ఉన్న గుంపులో పాలు తాగే పిల్లలకు మచ్చలు తక్కువ. పాలు మానిన కుర్ర డాల్ఫిన్లకు ఎక్కువ. పెద్దవాటికి మళ్లీ తక్కువ. పిల్లలను తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కాపాడతాయి. అవి తగ్గిపోయే వయసులో వైరస్ అంటుకుంటుంది. ఒకసారి వచ్చి పోయాక సొంత రోగనిరోధక శక్తి వస్తుంది, పెద్దయ్యాక మచ్చ కనిపించదు. ముర్రుపాలు బాగా తాగిన గొర్రెపిల్ల మొదటి నెలల్లో నిలదొక్కుకోవడం నీకు తెలుసు కదా, అక్కడా జరిగేది అదే.

ఈ లెక్క తలకిందులైన చోట్లు కూడా ఆమె చూపించారు. కొన్ని గుంపుల్లో కుర్రవాటితో సమానంగా పెద్ద డాల్ఫిన్లకూ మచ్చలు ఉన్నాయి, మచ్చలు కూడా బాగా పెద్దవి. పెద్దవాటి రోగనిరోధక శక్తి దెబ్బతిన్నదనడానికి అది గుర్తు అని ఆమె వాదన. నాకు అది గట్టి వాదనే అనిపిస్తుంది. నీ అనుమానం కూడా ఆమెకు వచ్చింది. ఇంతకుముందెప్పుడూ ఈ వైరస్ చూడని గుంపులోకి ఇది వస్తే, తల్లుల దగ్గర యాంటీబాడీలు ఉండవు కాబట్టి పసిపిల్లలు చనిపోవచ్చని హెచ్చరించారు.

కాబట్టి చెల్లెమ్మా, "డాల్ఫిన్లకు మచ్చలు వచ్చాయి" అన్న ఒక్క ముక్క మీద ఏదీ తేల్చకూడదు. ఎవరికి వచ్చాయి, ఎంత పెద్దవి, ఎన్నాళ్లు ఉన్నాయి, ఇవి అడగాలి.

హంద్రీ_రవి (కర్నూలు)

నాకు తెలిసి దీనికంతటికీ కారణం కాలుష్యం. ఫ్యాక్టరీల నీళ్లు, ప్లాస్టిక్, పురుగుమందులు అన్నీ సముద్రంలోకే పోతున్నాయి. డాల్ఫిన్ల ఒంటి మీద మచ్చలు రాక ఏమవుతాయి? వైరస్ వైరస్ అని అసలు సంగతి పక్కన పెడుతున్నారు.

సుంకేసుల_టీచర్ (కర్నూలు)

రవీ, నీ ఆవేదన నాకు అర్థమవుతుంది. పదో తరగతి పిల్లలకు సైన్స్ చెప్తాను, వాళ్లూ ఇదే అంటారు. కానీ ఈ విషయాన్ని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. 1999లో బెన్ విల్సన్ బృందం పది వేర్వేరు చోట్ల ఉండే బాటిల్‌నోస్ డాల్ఫిన్ల గుంపులను ఫోటోల ద్వారా పోల్చింది. అన్ని గుంపుల్లోనూ సగానికి పైగా డాల్ఫిన్లకు ఏదో ఒక చర్మ సమస్య ఉంది. నీళ్లు చల్లగా ఉన్నచోట, ఉప్పదనం తక్కువగా ఉన్నచోట మచ్చలు ఎక్కువ, తీవ్రంగానూ ఉన్నాయి. కాలుష్యం స్థాయితో మాత్రం అలాంటి సంబంధం వాళ్లకు కనపడలేదు.

హంద్రీ_రవి

అంటే కాలుష్యం వల్ల నష్టమే లేదంటారా మేడమ్? అది నేను ఒప్పుకోను.

సుంకేసుల_టీచర్

అలా అనలేదు నాయనా. నష్టం ఉంది, కానీ అది వేరే దారిలో వస్తుంది. 1990లో మధ్యధరా సముద్రంలో స్ట్రైప్డ్ డాల్ఫిన్లు వేల సంఖ్యలో చచ్చాయి. చంపింది మోర్బిల్లి వైరస్. కానీ చచ్చినవాటి కొవ్వులో పీసీబీ అనే పారిశ్రామిక రసాయనాలు, బతికున్నవాటి కంటే చాలా ఎక్కువ ఉన్నట్టు తేలింది. పీసీబీలు రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తాయి. డాల్ఫిన్ ఒంట్లో చర్మం కింద దట్టమైన కొవ్వు పొర ఉంటుంది, ఈ రసాయనాలు అందులో ఏళ్ల తరబడి పేరుకుంటాయి. తల్లి పాలలో కొవ్వు ఎక్కువ కాబట్టి, మొదటి కాన్పు పిల్లకు ఆ భారంలో పెద్ద వాటా పోతుంది. ఇది చదివిన ప్రతిసారీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

అందుకే రెండూ కలిపి చూడాలి. మచ్చ పెట్టేది వైరస్, దాన్ని తట్టుకోలేని స్థితికి తెచ్చేవాటిలో మనం పారబోసినవీ ఉన్నాయి. అయితే ఒక ఫోటో చూపించి ఇది ఫలానా ఫ్యాక్టరీ వల్లే అంటే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

తుంగభద్ర_తీరం (కర్నూలు)

టీచరమ్మా, ఉప్పదనం తక్కువైతే మచ్చలు ఎక్కువ అన్నారు. 2009 అక్టోబర్‌లో వరద మా ఇంటి మొదటి అంతస్తు వరకు వచ్చింది. ఆ నీళ్లే కిందికి పోయి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటాయి. అంత మంచినీళ్లు ఒక్కసారిగా సముద్రంలో పడితే అక్కడి డాల్ఫిన్లకు చర్మవ్యాధి వస్తుందా? ఇదీ వైరసేనా?

వెట్_ప్రొద్దుటూరు

మంచి ప్రశ్న అన్నా. మంచినీళ్ల వల్ల వచ్చే చర్మవ్యాధి వేరే ఉంది. అది వైరస్‌తో మొదలయ్యేది కాదు. 2005లో అమెరికాలో కత్రినా తుఫాను తర్వాత న్యూ ఆర్లీన్స్ దగ్గర డాల్ఫిన్లలో గమనించారు. ఆస్ట్రేలియాలో గిప్స్‌ల్యాండ్ సరస్సుల్లో 2007లో డాల్ఫిన్లు చచ్చిపోయాక పరిశోధించి, 2020లో దీన్ని ఒక ప్రత్యేక వ్యాధిగా నిర్వచించారు. ఉప్పదనం హఠాత్తుగా పడిపోయి వారాలు, నెలలు అలాగే ఉంటే చర్మ కణాలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, మచ్చలు లేచి పుండ్లవుతాయి. ఒంటి చర్మంలో 70 శాతం దాకా వ్యాపించిన సందర్భాలు ఉన్నాయి. మీద ఫంగస్, బ్యాక్టీరియా, నాచు చేరతాయి. రక్తంలో లవణాల సమతుల్యం కూడా తప్పుతుంది. దీంతో చచ్చిపోతాయి.

కానీ అవి సరస్సులో, మూసుకుపోయినట్టున్న నీళ్లలో ఉండే డాల్ఫిన్లు. బంగాళాఖాతం తీరం బాహాటంగా ఉంటుంది. అక్కడి డాల్ఫిన్ ఉప్పు నీళ్ల వైపు ఈదిపోగలదు. ఉప్పుటేరుల్లో, కాలువ నోళ్లలో చిక్కుకున్నవాటికే ప్రమాదం ఎక్కువ.

చెల్లెమ్మా, నీ సెమినార్‌లో దీన్ని వైరస్ వ్యాధులతో కలపకు. పోల్చడానికి ఒక స్లైడ్ పెట్టు, చాలు. అలాగే లోబోమైకోసిస్ అని తెల్లటి, గులాబీ రంగు కాయల్లాంటి గడ్డలు వస్తాయి, ఫ్లోరిడాలో ఇండియన్ రివర్ లగూన్ డాల్ఫిన్లలో బాగా కనిపించింది. అది ఫంగస్. తోటి డాల్ఫిన్లు పళ్లతో గీరిన గీతలను కూడా జబ్బు అనుకునేవాళ్లు ఉన్నారు. అవి సమాంతరంగా, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, చూడగానే తెలిసిపోతాయి.

పెన్నా_ఒడ్డు

సార్, మేడమ్, చాలా థాంక్స్. నోట్సు రాసుకుంటూనే ఉన్నాను. పాక్స్ కాకుండా వేరే వైరస్‌లు చర్మం మీద ఏం చేస్తాయి? హెర్పిస్, పాపిలోమా అని పేర్లు దొరికాయి కానీ తికమకగా ఉంది.

వెట్_ప్రొద్దుటూరు

పాపిలోమా అంటే పులిపిర్లు తెచ్చే వైరస్. మన ఆవుల చన్నుల మీద, దూడల మెడ మీద పులిపిర్లు చూసే ఉంటావు, అదే కుటుంబం. డాల్ఫిన్లలో నాలుక మీద, నోట్లో, జననాంగాల దగ్గర, ఒక్కోసారి మామూలు చర్మం మీద వస్తాయి. పెరూ డాల్ఫిన్లలో, పార్పాయిస్‌లలో జననాంగాల పులిపిర్లు చాలా మామూలు. స్పెర్మ్ తిమింగలాల్లోనూ ఉన్నాయి. ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. మరీ పెద్దవైతే సంభోగానికి అడ్డం వస్తాయి.

హెర్పిస్‌లో రెండు రకాలు గుర్తుపెట్టుకో. ఆల్ఫా రకం చర్మం మీద చిన్న చిన్న మచ్చలు, పొక్కులు తెస్తుంది. గామా రకం ఎక్కువగా నోట్లో, జననాంగాల దగ్గర పలకల్లాంటి దళసరి మచ్చలు తెస్తుంది. హెర్పిస్ ఇంక్లూజన్ కేంద్రకం లోపల ఉంటుంది, పాక్స్‌ది బయట సైటోప్లాజంలో. వైవాలో ఈ తేడా అడుగుతారు.

ఇక కాలిసి వైరస్. దీని కథ వేరే. 1932లో కాలిఫోర్నియాలో పందులకు కాళ్ల మీద, మూతి మీద పొక్కులు లేచాయి. అచ్చం గాలికుంటులాగే ఉంటే పశువైద్యులు హడలిపోయారు. ఆ జబ్బును 1950ల్లో నిర్మూలించారు. 1972లో అక్కడి సాన్ మిగెల్ దీవిలో సీ లయన్లలో (సీల్ లాంటి సముద్ర జంతువులు) దాదాపు అలాంటి వైరసే దొరికింది. తర్వాత ఒక డాల్ఫిన్ చర్మపు పొక్కులో కూడా అదే గుంపు వైరస్ దొరికింది. పందుల మేతలో సముద్రపు వ్యర్థాలు కలవడం వల్ల నేలకెక్కిందని చాలామంది భావిస్తారు. సముద్రం వేరు, నేల వేరు అని మనం అనుకుంటాం, వైరస్‌లకు ఆ లెక్క లేదు.

మంద_మనిషి

ఇందాక టీచరమ్మ చెప్పిన మోర్బిల్లి, మా గొర్రెలకు వచ్చే పీపీఆర్ ఒకటేనా సార్? పీపీఆర్ వస్తే ముక్కులు కారి, నోరు పుండై, పారుకుని రెండు మూడు రోజుల్లో ఖాళీ.

వెట్_ప్రొద్దుటూరు

ఒకే జాతి అన్నా. మనుషుల తట్టు, కుక్కల డిస్టెంపర్, పీపీఆర్, 2011లో ప్రపంచం నుంచి పోయిందని ప్రకటించిన పశువుల రిండర్‌పెస్ట్, డాల్ఫిన్లది, అన్నీ మోర్బిల్లి వైరస్‌లే. అమెరికా తూర్పు తీరంలో 1987–88లో 740కి పైగా బాటిల్‌నోస్ డాల్ఫిన్లు, మళ్లీ 2013–15లో 1600కి పైగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఇది చర్మవ్యాధి కాదు, ఊపిరితిత్తులు, మెదడు, రోగనిరోధక శక్తి మీద దెబ్బ కొడుతుంది. కానీ ఆ శక్తి పడిపోయాక చర్మం మీద పుండ్లు, ఫంగస్ మీద పడతాయి. పుండు చూసి చర్మవ్యాధితో చచ్చిందని రాస్తే అసలు హంతకుడు తప్పించుకున్నట్టే.

కెమెరా_కడప (కడప)

నేను పక్షుల ఫోటోలు తీస్తాను. పట్టుకోకుండా, సూది వేయకుండా ఫోటోతోనే జబ్బు చెప్పగలరా?

సుంకేసుల_టీచర్

కొంతవరకు చెప్పగలరు. డాల్ఫిన్ వీపు రెక్క అంచున ఉండే చీలికలు, గాట్లు ఒక్కోదానికి ఒక్కో రకంగా ఉంటాయి. వాటితో ఆ డాల్ఫిన్‌ను గుర్తుపట్టి, ఏళ్ల తరబడి తీసిన ఫోటోలు వరుసగా పేర్చి, మచ్చ పెరిగిందా తగ్గిందా చూస్తారు. అమెరికా, కెనడా పడమటి తీరంలో సదరన్ రెసిడెంట్ కిల్లర్ వేల్ (డాల్ఫిన్ కుటుంబంలోనే పెద్ద జంతువు) అని డెబ్భై అయిదు అటుఇటుగా మిగిలిన గుంపు ఉంది. 2004 నుంచి 2016 దాకా తీసిన వాటి ఫోటోలు వరుసగా చూసి, బూడిద రంగు మచ్చలు పెరుగుతున్నాయని 2023లో ప్రకటించారు. ఆ గుంపుకు ఇప్పటికే తిండి చాలక ఇబ్బంది, చర్మం మీద కూడా ఇలా కనపడటం బాధాకరం.

వెట్_ప్రొద్దుటూరు

ఒక మాట కలుపుతాను. ఫోటో అనుమానం వరకే తీసుకెళ్తుంది. ఏ వైరసో ఖాయం చేయాలంటే చర్మం ముక్క కావాలి. చచ్చి ఒడ్డుకొచ్చిన దాని నుంచి తీస్తారు, లేదా అనుమతి తీసుకుని పడవ మీద నుంచి చిన్న బాణంతో బయాప్సీ తీస్తారు. అందులో వైరస్ జన్యువుల కోసం వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తారు. చచ్చినదైతే త్వరగా తీయాలి. డాల్ఫిన్ పైచర్మం బతికున్నప్పుడే దాదాపు ప్రతి రెండు గంటలకు పై పొరను వదిలేస్తుంది, చచ్చాక ఎండలో ఇంకా తొందరగా ఊడిపోతుంది. కెమెరా తమ్ముడూ, ఒడ్డున ఎప్పుడైనా అలాంటిది కనపడితే మచ్చ పక్కన ఒక స్కేలో, పెన్నో పెట్టి ఫోటో తియ్యి. సైజు తెలియని ఫోటో మాకు సగమే పనికొస్తుంది.

హంద్రీ_రవి

వచ్చే నెల పిల్లలతో నెల్లూరు వైపు బీచ్‌కి పోతున్నాం. అలాంటిది ఒడ్డున కనపడితే ముట్టుకోవచ్చా? మనకు అంటుకుంటుందా?

వెట్_ప్రొద్దుటూరు

ముట్టుకోవద్దు రవీ, పిల్లలనైతే అసలు దగ్గరికి పోనివ్వద్దు. సీల్ జంతువుల పాక్స్ వాటిని చూసుకునేవాళ్ల చేతులకు అంటుకుని పుండ్లు పడిన సంఘటనలు నమోదయ్యాయి. అది మన గొర్రెల మూతిపుండ్ల వైరస్‌కి దగ్గరి చుట్టం. మూతిపుండ్లు కాపరుల వేళ్లకు రావడం మంద అన్నకు తెలిసే ఉంటుంది. వైరస్ ఒక్కటే కాదు, బ్యాక్టీరియా కూడా ఉంటాయి.

బతికుంటే పదిమందీ కలిసి తోక పట్టి సముద్రంలోకి లాగడం చేయకండి. తోక కీళ్లు తప్పుతాయి, లోపల జబ్బుతో ఉన్నది మళ్లీ ఒడ్డుకే వస్తుంది. వెంటనే అటవీ శాఖకు, మత్స్య శాఖకు ఫోన్ చేయాలి. వాళ్లు వచ్చేలోపు నీడ కల్పించి, తడి గుడ్డ కప్పి నీళ్లు పోస్తుండాలి, చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి. తల మీద ఊపిరి తీసుకునే రంధ్రంలోకి నీళ్లు, ఇసుక పోకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇవి మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ముక్క కోసి తెచ్చుకోవడం నేరం.

మంద_మనిషి

అవును సార్, మా నాయనకు బొటనవేలికి వచ్చింది, మానడానికి నెల దాటింది. ఇంకోటి అడుగుతాను. మా గొర్రెలకు సూది ఉంది. వాటికి టీకా లేదా?

వెట్_ప్రొద్దుటూరు

డాల్ఫిన్ పాక్స్‌కి టీకా లేదన్నా. సముద్రంలో తిరిగేవాటికి ఎవరు, ఎన్నిసార్లు వేస్తారు? దీని పూర్తి జన్యుక్రమం చదివిందే 2020లో, ఆస్ట్రేలియాలో ఒక ఇండో పసిఫిక్ బాటిల్‌నోస్ డాల్ఫిన్ మచ్చ నుంచి. వాటికి మనం ఇవ్వగలిగింది తిండి చేపలు మిగల్చడం, పీసీబీ లాంటివి నీళ్లలో కలవకుండా చూడటం, వలల్లో చిక్కకుండా చూడటం. ఒంట్లో బలం ఉంటే ఈ మచ్చను అవే మాన్పుకుంటాయి.

పెన్నా_ఒడ్డు

సార్, సెమినార్ శుక్రవారం. మొదట అన్ని వైరస్‌లకూ ఒక్కో ఫోటో పెట్టి లక్షణాలు రాద్దామనుకున్నాను. ఇప్పుడు పాక్స్‌నే ప్రధానంగా తీసుకుని పిల్లలు, కుర్రవి, పెద్దవి అని మూడు భాగాలుగా చెప్తాను. మంద అన్న చెప్పిన గొర్రెల లక్షణాలు పక్కన పెట్టి పోలుస్తాను. అన్నా, మీ మందలో అమ్మతల్లి వచ్చినప్పటి ఫోటోలు ఉంటే పంపుతారా?

మంద_మనిషి

ఉన్నాయి తల్లీ, మా తమ్ముడి ఫోన్‌లో. తోక కింద తీసినవి, మూతివి రెండూ పంపుతాను. ఏ గొర్రె ఎన్ని నెలలదో కూడా రాసి పంపమంటావా?

వెట్_ప్రొద్దుటూరు

తప్పకుండా రాసి పంపన్నా. సూది ఎప్పుడు వేయించారో అది కూడా.